టెన్నిస్ బూట్లు: మెత్తదనం కాదు, పక్కగోడలు చూసి కొనండి

షాపులో బూటు చేతికి రాగానే చాలామంది చేసే పని ఒకటే. లోపల బొటనవేలు పెట్టి నొక్కి, "అబ్బ, ఎంత మెత్తగా ఉందో!" అనుకోవడం. పొద్దున్నే పార్కులో నడిచేవాళ్ళకి ఆ పరీక్ష సరిపోతుంది. టెన్నిస్‌కి సరిపోదు సరికదా, తప్పు బూటు కొనిపిస్తుంది. ఈ ఆటలో తిన్నగా ముందుకు పరిగెత్తేది తక్కువ. బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) వెంట పక్కకి జరగడం, ఉన్నట్టుండి ఆగడం, వచ్చిన వైపే మళ్ళీ వెళ్ళడం, ఇదే ఎక్కువ. ఆగిన ఆ క్షణాన ఒంటి బరువంతా పాదం బయటి అంచు మీద పడుతుంది. బూటు పక్కగోడ గట్టిగా ఉంటే పాదం లోపలే ఆగుతుంది. లేదంటే పాదం సోల్ అంచు దాటి బయటికి జారుతుంది, చీలమండ మెలిక పడుతుంది. కింద ఎంత మెత్తగా ఉంటే ఆ జారుడు అంత సులువు.

కోర్టులో రన్నింగ్ షూస్ వేసుకోకూడదనేది ఇందుకే. ఇప్పటి రన్నింగ్ షూస్‌లో మడమ కింద 35 నుంచి 40 మిల్లీమీటర్ల మెత్తటి ఫోమ్ ఉంటోంది. పాదం అంత ఎత్తున కూర్చున్నాక పక్కకి ఆగితే ఫోమ్ ఒకవైపు అణుగుతుంది, బూటు ఒరుగుతుంది. పైభాగం పల్చటి జాలీ గుడ్డ కావడంతో సర్వీస్‌లో వేళ్ళ దగ్గర నేలకి రాసుకుని నెల తిరిగేలోపే చిరుగుతుంది. కింద రబ్బరు కూడా ముక్కలు ముక్కలుగా అంటించి ఉంటుంది, ఆ ముక్కలు ఒక్కొక్కటే ఊడొస్తాయి.

బ్యాడ్మింటన్ బూట్లతో సమస్య వేరు. మన ఊళ్ళ స్పోర్ట్స్ షాపుల్లో టెన్నిస్‌కి బూట్లు కావాలంటే "నాన్ మార్కింగ్ ఉన్నాయి సార్" అని వాటినే తీసి చూపిస్తారు. నాన్ మార్కింగ్ అంటే నేల మీద నల్ల గీతలు పడవని మాత్రమే అర్థం, అది ఏ ఆట బూటో చెప్పే మాట కాదు. టెన్నిస్ బూట్ల రబ్బరు కూడా చాలావరకు నాన్ మార్కింగే. బ్యాడ్మింటన్ బూటు అడుగున ఉండే తేనెరంగు గమ్ రబ్బరు చెక్క నేలని, మ్యాట్‌ని పట్టుకోవడానికి చేసింది. సిమెంట్ మీద, ఇసుక కలిపిన సింథటిక్ మీద అది పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది. మడమ కింద మెత్త కూడా పల్చనే, ఎందుకంటే ఆ ఆటలో చెక్క నేలే కొంత దెబ్బని తీసుకుంటుంది. గట్టి కోర్టు మీద వాటితో రెండు సెట్లు ఆడితే మడమలు చెబుతాయి.

ఇక పేరు చూసి మోసపోయే రకం ఒకటుంది. అడిడాస్ స్టాన్ స్మిత్ ఒకప్పుడు నిజంగా టెన్నిస్ బూటే. మొదట ఫ్రాన్స్ ఆటగాడు రాబర్ట్ హాయే పేరుతో వచ్చి, తర్వాత అమెరికా ఆటగాడు స్టాన్ స్మిత్ పేరుకి మారింది. ఇప్పుడు జీన్స్ మీదకి బావుంటుంది, కోర్టుకి వద్దు.

ముందు కోర్టు సంగతి

హైదరాబాద్‌లో అయినా, విజయవాడలో అయినా, విశాఖలో అయినా ఇప్పుడు ఎక్కువమంది ఆడేది సింథటిక్ కోర్టు మీదే. కింద తారు లేదా సిమెంటు, దాని మీద ఇసుక కలిపిన యాక్రిలిక్ రంగు పూతలు. ఇలాంటి గట్టి కోర్టునే హార్డ్ కోర్టు అంటారు. అంటే మీరు ఆడుతున్నది ఒకరకం గరుకు కాగితం మీద. దీనికి కావలసింది మందమైన, గట్టి రబ్బరు. అడుగున చేప ముల్లులా వంకరగీతలు ఉంటాయి, వాటినే హెరింగ్‌బోన్ అంటారు. హార్డ్ కోర్టు బూటులో ఆ గీతల మధ్య అక్కడక్కడ నున్నటి భాగాలు వదులుతారు. కాలు కొద్దిగా జారి ఆగడానికి, పాదం తిప్పడానికి అవి పనికొస్తాయి. గీతలు అంతటా లోతుగా ఉంటే బూటు నేలని మరీ పట్టేసుకుని మోకాలు మెలిపడుతుంది.

మట్టి కోర్టుకి దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆ బూటు అడుగున ముందు నుంచి మడమ దాకా చేప ముల్లు గీతలే, ఎక్కడా ఖాళీ లేకుండా. మట్టి గీతల్లో దూరి, కాలు కదలగానే రాలిపోవాలి. హార్డ్ కోర్టు బూటుతో మట్టి మీద ఆడితే నున్నటి భాగాలకి మట్టి అంటుకుని, ఆగాలనుకున్న చోట ఆగరు. మట్టి బూటుతో సిమెంట్ మీద ఆడితే పల్చటి గీతలు త్వరగా అరిగిపోతాయి. రెండు రకాల కోర్టుల మీదా ఆడేవాళ్ళు, ఒకే జత కొనగలిగితే, ఆల్ కోర్ట్ అని రాసినది తీసుకుని గట్టి కోర్టుకే పెద్దపీట వేయాలి. గడ్డి కోర్టుకి చిన్న చిన్న బుడిపెలున్న సోల్ కావాలి. మన దగ్గర ఆ అవసరం పడేవాళ్ళు బహు తక్కువ.

రెండో పని, పాత బూట్లు తిరగేసి చూడటం. కొత్తదానిలో దేనికి డబ్బు పెట్టాలో అవే చెబుతాయి. కుడిచేతి ఆటగాడికి కుడి బూటు ముక్కు చిరిగి ఉంటే, సర్వీస్‌లో వెనక కాలు ఈడుస్తున్నాడన్నమాట. ముక్కుకి రబ్బరు తొడుగు పైదాకా ఎక్కిన బూటే కొనాలి. బొటనవేలి లోపలి పక్క అరిగితే ఫోర్‌హ్యాండ్ కొట్టేటప్పుడు వెనక కాలు రాస్తోంది, లోపలి పక్కన కూడా కాపు ఉండాలి. బొటనవేలి మొదట్లో అడుగు గుండ్రంగా నున్నబడితే ఆ పాదం మీద గిర్రున తిరుగుతున్నారు, రబ్బరు గట్టిదనమే ముఖ్యం. ఎక్కడా పెద్దగా అరగకుండా ఆర్నెల్లు దాటినవాళ్ళు మాత్రం ఖరీదైన బూటు జోలికి పోనక్కర్లేదు. వారానికి రెండుసార్లు డబుల్స్ ఆడే పెద్దవాళ్ళలో చాలామంది ఈ కోవలోకే వస్తారు.

ఆసిక్స్ జెల్ రెజల్యూషన్ 9

గట్టి కోర్టు బూట్లని పోల్చేటప్పుడు కొలబద్దగా పెట్టుకోదగ్గది ఇది. బేస్‌లైన్ దగ్గర నిలబడి గంటల తరబడి బంతిని తిప్పికొట్టేవాళ్ళ కోసం తయారైన బూటు. 2025లో దీని తర్వాతి తరం, రెజల్యూషన్ ఎక్స్, వచ్చేసింది. కాబట్టి 9 సేల్స్‌లో తగ్గింపు ధరకి దొరికే అవకాశం ఎక్కువ, సైజు దొరికితే అదే మంచి బేరం.

దీని బలమంతా పక్కన ఉంది. పాదం మధ్య నుంచి మడమ వరకు బయటి వైపున గట్టి ప్లాస్టిక్ గోడ లాంటిది కట్టారు. దాన్ని డైనావాల్ అంటారు. వేగంగా పక్కకి జరిగి ఆగినప్పుడు ఫోమ్ అణగకుండా ఆ గోడ అడ్డుపడుతుంది. మడమ చుట్టూ ఉండే గిన్నె కూడా గట్టిదే. వెనక నుంచి రెండు వేళ్ళతో గట్టిగా నొక్కినా లోపలికి పోదు. ముక్కు దగ్గర, లోపలి పక్కన పీగార్డ్ అనే కాపు ఉంది, కాలు ఈడ్చేవాళ్ళకి ఇది బాగా కలిసొస్తుంది. అడుగు రబ్బరు ఆహార్ ప్లస్. పేరు వింటే భోజనం గుర్తొచ్చినా, ఎక్కువగా రాసుకునే చోట్ల మామూలు రబ్బరు కంటే నెమ్మదిగా అరిగే రకం అది.

ఇప్పుడు లోపాలు. మగవాళ్ళ సైజుల్లో ఒక్కో బూటు 400 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. మూడో సెట్‌లో ఆ బరువు తొడలకి తెలుస్తుంది. పైభాగానికి ప్లాస్టిక్ పూత ఎక్కువ కావడంతో గాలి సరిగ్గా ఆడదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కిన సింథటిక్ కోర్టు మీద పాదాలు ఉడికిపోతాయి, చెమటకి మేజోళ్ళు తడిసి పాదం లోపల జారుతుంది, బొబ్బలు అలా వస్తాయి. మధ్యలో మార్చుకోవడానికి ఒక జత మేజోళ్ళు సంచీలో ఉండాల్సిందే. కొత్తలో గట్టిగా ఉంటుంది కాబట్టి నాలుగైదు గంటలు ప్రాక్టీస్‌లో వాడాకే మ్యాచ్‌కి వేసుకోవాలి. సన్నగా, తేలిగ్గా ఉండి నెట్ దగ్గరికి దూసుకెళ్ళే ఆటగాళ్ళకి ఇది గుదిబండే.

అలాంటివాళ్ళకి అదే కంపెనీ సొల్యూషన్ స్పీడ్ ఎఫ్ఎఫ్ నప్పుతుంది. సుమారు 350 గ్రాములు, నేలకి దగ్గరగా ఉంటుంది, మొదటిరోజు నుంచే కాలికి అతుక్కుంటుంది. బదులుగా వదులుకునేది రబ్బరు మందం, పక్కగోడ బలం. ముక్కు ఈడ్చే అలవాటున్నవాళ్ళ దగ్గర త్వరగా చిల్లుపడుతుంది. తేలిక, మన్నిక రెండూ ఒకే బూటులో ఉన్నాయని సేల్స్‌మన్ చెబితే నవ్వి ఊరుకోండి.

అడిడాస్ బారికేడ్ రెజల్యూషన్‌కి పాత పోటీదారు. 2000లో మొదలై, మధ్యలో కొన్నాళ్ళు ఆగిపోయి, 2021లో తిరిగొచ్చింది. దీని అడుగు రబ్బరు అడివేర్. గట్టిదనంలో దేనికీ తీసిపోదు. లేసుల వరుస కొంచెం పక్కకి ఒరిగి ఉంటుంది. కాలిపైన ఎముక ఎత్తుగా ఉన్నవాళ్ళకి మొదట్లో అక్కడ ఒత్తుకుంటుంది, అందుకని కాలికి వేసి చూడకుండా కొనకూడని బూటు ఇది. బాబోలా బూట్ల అడుగు రబ్బరు టైర్ల కంపెనీ మిషెలిన్‌తో కలిసి చేసింది. నేలపట్టు బాగుంటుంది. కానీ మన దగ్గర అన్ని సైజులూ షాపుల్లో దొరకవు.

పది వేలు దాటే ఈ వరస కింద, ఐదారు వేల దగ్గర ఆసిక్స్ జెల్ డెడికేట్, జెల్ గేమ్ లాంటివి ఉన్నాయి. ఇంకా కింద డెకాథ్లాన్ వాళ్ళ ఆర్టెంగో. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి, వారానికి రెండు మూడు సార్లు ఆడేవాళ్ళకి డెడికేట్ చాలు. పాదం మధ్యన ఒక గట్టి ప్లాస్టిక్ ముక్క, ట్రస్టిక్ అంటారు, బూటు మెలిపడకుండా ఆపుతుంది. ఆ ధరలో అది దొరకడమే గొప్ప. రబ్బరు మాత్రం పెద్ద బూట్లంత నిలవదు. ఆర్టెంగోలో మెచ్చుకోవలసింది, ఏ కోర్టుకి ఏది అన్నది స్పష్టంగా రాయడం, అన్ని సైజులూ వేసి నడిచి చూసే వీలు ఉండటం. వాటిలో అతి చవక రకం మాత్రం పిల్లలు సెలవుల్లో సరదాగా ఆడటానికే. పెద్దవాళ్ళ బరువుకి దాని పక్కలు నిలవవు.

బ్రాండ్ ఏదైనా సరే, షాపులో మూడు పరీక్షలు చేయండి, నిమిషం పట్టదు. మొదటిది, ముక్కుని, మడమని పట్టుకుని వంచండి. వేళ్ళ మొదట్లో మాత్రమే వంగాలి, నడిమధ్యలో మడతపడితే పక్కన పెట్టేయండి. రెండోది, తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టండి. కొంచెం తిరిగి ఆగాలి, పూర్తిగా తిరిగిపోకూడదు. మూడోది ఇందాక చెప్పిన మడమ గిన్నె నొక్కుడు.

సైజు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు

"నాది 8" అని చెప్పి తీసుకోవద్దు. ఆసిక్స్, నైకీల్లో మగవాళ్ళ యూకే 8 అంటే లేబుల్ మీద 27 సెంటీమీటర్లు. అడిడాస్‌లో అదే యూకే 8 అంటే 26.5. అర సెంటీమీటరు తేడా వేళ్ళకి చాలా ఎక్కువ. అమెరికా నుంచి ఎవరైనా వస్తూ తెస్తామన్నప్పుడు ఈ గందరగోళం రెట్టింపవుతుంది. ఆసిక్స్‌లో మగవాళ్ళ యూకే 8 అక్కడ 9 అవుతుంది, అడిడాస్‌లో ఎనిమిదిన్నర అవుతుంది. ఆడవాళ్ళ సైజుల్లో లెక్క మళ్ళీ వేరు: 25 సెంటీమీటర్ల బూటు అమెరికా లెక్కలో ఆసిక్స్‌కీ నైకీకీ 8, కానీ ఆసిక్స్ దాన్ని యూకే 6 అంటుంది, నైకీ ఐదున్నర అంటుంది. అందుకే ఫోన్‌లో చెప్పేటప్పుడు లేబుల్ మీది సెంటీమీటర్ల అంకె ఒక్కటే చెప్పండి.

పాదం కొలిచేది ఇలా. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, ఆటకి వేసుకునే మందపాటి మేజోళ్ళతో గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడండి. అన్నిటికన్నా పొడుగు వేలి చివర గీత పెట్టండి. అది బొటనవేలే కానక్కర్లేదు, చాలామందికి పక్కవేలు పొడుగు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. బూటు వేసుకుని నిలబడితే ఆ వేలికీ ముక్కుకీ మధ్య బొటనవేలి వెడల్పు, అంటే ఒక సెంటీమీటరు పైచిలుకు, ఖాళీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే ఆగిన ప్రతిసారీ గోరు ముక్కుకి కొట్టుకుంటుంది. కింద రక్తం గడ్డకట్టి గోరు నల్లబడుతుంది, దానికి టెన్నిస్ టో అనే పేరే ఉంది. ఎక్కువైతే పాదం ముందుకీ వెనక్కీ జారి బొబ్బలు. చిత్రమేమిటంటే, సైజు సరిపోయినా లేసులు వదులుగా కడితే గోరు నల్లబడటం ఖాయం.

మనవాళ్ళలో వేళ్ళ దగ్గర పాదం వెడల్పుగా ఉండి, మడమ సన్నగా ఉన్నవాళ్ళు చాలామంది. వాళ్ళు వెడల్పు కోసం ఒక సైజు పెద్దది కొంటారు. చిటికెనవేలి నొప్పి పోతుంది, మడమ జారడం మొదలవుతుంది, బూటు వంగాల్సిన చోటు వేళ్ళ మొదటి కంటే ముందుకి పోతుంది. సరైన మందు వెడల్పు రకమే. న్యూ బ్యాలెన్స్ వాళ్ళు కొన్ని టెన్నిస్ బూట్లని 2ఈ అనే అదనపు వెడల్పులో ఇస్తారు. అది దొరక్కపోతే, చిటికెనవేలి దగ్గర ఉన్న కన్నంలోంచి లేసు పోనివ్వకుండా వదిలేయండి, అక్కడ బిగువు తగ్గుతుంది. మడమ జారకుండా ఉండటానికి పైన అదనంగా ఉన్న కన్నంలోకి అదే పక్కన లేసు దూర్చి చిన్న ఉచ్చు చేసి, ఎదుటి లేసుని ఆ ఉచ్చులోంచి తీసి కిందికి లాగి కట్టండి. ఆ చివరి కన్నం అలంకారానికి పెట్టింది కాదు, దాన్ని వాడేవాళ్ళు మాత్రం తక్కువ.

మెత్తగా ఉంటుందని లోపల మందపాటి ఇన్‌సోల్ వేసేవాళ్ళకి ఒక మాట. పాత ఇన్‌సోల్ తీసేసి దాని చోట వేయండి, దాని మీద వేయొద్దు. రెండూ ఉంటే మడమ గిన్నెలోంచి పైకి లేస్తుంది. అప్పుడు డబ్బు పోసి కొన్న పక్కగోడ కిందెక్కడో ఉండిపోతుంది.

ఎన్నాళ్ళు వాడాలి, ఎలా కాపాడాలి

అడుగు నున్నగా అయ్యిందంటే, లేదా గీతల కింద వేరే రంగు పొర కనిపించిందంటే ఆ బూటుతో ఆట చాలు. అడుగు బావున్నా లోపలి ఫోమ్ ముందే చచ్చిపోవచ్చు. పక్కన ఫోమ్ మీద సన్నని ముడతలు వచ్చి, వేలితో నొక్కినా తిరిగి పొంగకపోతే అది గుర్తు. బూట్లని బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి, ఒక పక్కకి ఒరిగి కనిపిస్తే ఇక వద్దు. వారానికి మూడు రోజులు, రోజుకి గంటన్నర ఆడేవాళ్ళకి ఆర్నెల్ల దగ్గర ఇవన్నీ ఓసారి చూసుకోవడం మంచిది. అమెరికాలో రెజల్యూషన్, బారికేడ్ లాంటి వాటికి అడుగు రబ్బరు మీద ఆరు నెలల గ్యారంటీ ఇస్తారు. ఇక్కడ కూడా ఉంటుందని అనుకోకుండా బిల్లు కట్టేముందే అడగండి.

వాషింగ్ మెషీన్‌లో వేయకండి, ఎండలో ఆరబెట్టకండి, కారు డిక్కీలో వదిలేయకండి. వేడికి జిగురు సడలి సోల్ ముక్కు దగ్గర నోరు తెరుస్తుంది. ఇంటికి రాగానే ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి, ఫ్యాన్ కింద పెట్టండి. రోజూ ఆడేవాళ్ళకి రెండు జతలుంటే ఒక్కోదానికి ఆరడానికి రోజు దొరుకుతుంది. మట్టి కోర్టు నుంచి వచ్చినప్పుడు రెండు బూట్ల అడుగులూ ఒకదానికొకటి కొట్టి, గీతల్లో మిగిలింది పాత టూత్ బ్రష్‌తో తీయండి. పెట్టెలో ఏళ్ళ తరబడి దాచిన కొత్త బూట్లతో ఇంకో ప్రమాదం ఉంది. పాలీయూరిథేన్ అనే ఒకరకం ప్లాస్టిక్‌తో చేసిన సోల్ అయితే గాలిలో తేమకి లోలోపలే చివికి, మొదటి ఆటలోనే పొడిపొడిగా రాలిపోతుంది. కోస్తాలో ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

సోల్ నోరు తెరిస్తే ఫెవిక్విక్ పోయొద్దు. అది గాజులా గట్టిపడి, వంగే చోట పటుక్కున విరుగుతుంది. ఫెవిబాండ్ లాంటి రబ్బరు జిగురు తీసుకోండి. రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, రెండు వైపులా పల్చగా రాసి, చేతికి అంటుకోనంతగా ఆరనిచ్చి, అప్పుడు గట్టిగా అదమండి. పైన తాడు బిగించి ఒక రోజంతా కదపకుండా ఉంచండి. చెప్పులు కుట్టే అతనితో చుట్టూ దారం కుట్టించడం మాత్రం మంచి ఆలోచన కాదు. సూది గుచ్చిన ప్రతిచోటా రబ్బరు చీలడం మొదలవుతుంది, దారం నేలకి రాసుకుని వారంలో తెగుతుంది.

పిల్లలకి "వచ్చే ఏడాదికి కూడా సరిపోతుంది" అని రెండు సైజులు పెద్దది కొనకండి. బొటనవేలి వెడల్పు ఖాళీ వాళ్ళకీ అంతే. రెండు మూడు నెలలకోసారి ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద పాదం పెట్టి చూడండి. వేలు అంచుకి తాకుతుంటే, అడుగు ఎంత కొత్తగా ఉన్నా ఆ జత తమ్ముడికో చెల్లికో ఇచ్చేయడమే.